చిన్న సినిమాకు విదేశీ పొత్తు: కథ దశలోనే కుదరాలి

ఈమధ్య కృష్ణానగర్‌లో ఒక కుర్ర దర్శకుడు తన సినిమా బడ్జెట్ షీట్ చూపించాడు. మొత్తం కోటీ ఎనభై లక్షలు. స్నేహితులు, బంధువులు పెట్టేది పోగా, అడుగున ‘ఫారిన్ ఫండ్ - 60 లక్షలు’ అని ఒక వరుస ఉంది. ఏ దేశం, అక్కడ నిర్మాత ఎవరు అని అడిగాను. “సినిమా అయ్యాక ఫెస్టివల్స్‌కి పంపిస్తాం కదండీ, అక్కడ ఎవరో ఒకరు దొరుకుతారు” అన్నాడు. కథ చదివాను, చాలా బాగుంది. అందుకే మనసుకు కష్టమనిపించింది. పోస్ట్ ప్రొడక్షన్‌కి కొద్దిపాటి సాయం దొరికితే దొరకొచ్చు గానీ, అసలు పొత్తు, అంటే రెండు మూడు దేశాల నిర్మాతలు కలిసి తీసే కో-ప్రొడక్షన్, కుదిరేది స్క్రిప్టు చేతిలో ఉన్నప్పుడే.

దర్శకురాలు పాయల్ కపాడియా సినిమా ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’నే తీసుకుందాం. ఫ్రాన్స్‌లో జరిగే కాన్ ఫెస్టివల్ ప్రధాన పోటీలో 30 ఏళ్ల తర్వాత చోటు దక్కిన భారతీయ సినిమా అది, 2024లో అక్కడి రెండో పెద్ద అవార్డు గ్రాండ్ ప్రి గెలిచింది. ముంబయిలో పనిచేసే మలయాళీ నర్సుల కథ. దాని వెనుక ఫ్రాన్స్, భారత్, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, ఇటలీ నిర్మాతలున్నారు. ముందుండి నడిపించిన ఫ్రెంచ్ సంస్థ పెటీ కేయో, పాయల్ అంతకుముందు తీసిన డాక్యుమెంటరీకి కూడా నిర్మాతే. ఆ డాక్యుమెంటరీకి 2021లో కాన్‌లో ఉత్తమ డాక్యుమెంటరీ అవార్డు వచ్చింది. అంటే పరిచయం ఒక్క మీటింగ్‌లో అయింది కాదు, ఒక సినిమా కలిసి తీశాక గట్టిపడింది.

ఇన్ని దేశాలు ఎందుకంటే, ఒక్కో నిర్మాత తన దేశంలోని ఫండ్ తలుపు తడతాడు. ఫ్రాన్స్‌లో సినిమాలకు సాయమిచ్చే ప్రభుత్వ సంస్థ సీఎన్‌సీ ఉంది. బెర్లిన్ ఫెస్టివల్ నడిపే వరల్డ్ సినిమా ఫండ్‌కు జర్మన్ భాగస్వామి కావాలి. మన దర్శకుడు ఒంటరిగా వెళ్తే ఆ తలుపులు చాలావరకు తెరుచుకోవు. యూరప్‌లో చాలా ఫండ్లు ఇచ్చిన డబ్బులో కొంత తమ దేశంలోనే ఖర్చుపెట్టమంటాయి. అందుకే ఇలాంటి సినిమాలకు ఎడిటింగో సౌండ్ మిక్సింగో అక్కడ జరుగుతుంటుంది. పాయల్ సినిమాకు కెమెరా పట్టింది మన రణబీర్ దాస్, ఎడిటర్ మాత్రం ఫ్రెంచ్ వ్యక్తి. రేపు రాయలసీమ కథ అలా వెళ్తే, మాట ఎక్కడ విరుగుతుందో, ఏ మౌనం కోపమో, ఏది మర్యాదో దర్శకుడు పక్కన కూర్చుని విడమరిచి చెప్పాలి. ఆ టైమ్ కూడా బడ్జెట్‌లో వేసుకోవాలి.

ప్రభుత్వాల మధ్య ఒప్పందాలూ ఉన్నాయి. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, బ్రిటన్, కెనడా వంటి దేశాలతో మనం సంతకాలు చేశాం. ఆ ఒప్పందం కింద అధికారిక హోదా దొరికితే సినిమా రెండు దేశాలకూ సొంతమవుతుంది. 2023లో కేంద్రం ఇలాంటి సినిమాలకిచ్చే ప్రోత్సాహకాన్ని పెంచింది. ఇక్కడ పెట్టిన ఖర్చులో 40 శాతం వరకు, గరిష్ఠంగా 30 కోట్లు. వినడానికి బాగుంది. కానీ అది ఖర్చుపెట్టాక తిరిగొచ్చే డబ్బు. ముందు పెట్టుకునే స్తోమత లేని చిన్న నిర్మాత వడ్డీకి తెచ్చుకోవాల్సిందే. ఇందులో కొంత అడ్వాన్సుగా ఇవ్వకపోతే ఈ పథకం పెద్దవాళ్లకే ఉపయోగపడుతుంది.

పొత్తుకు ఇంకో చిక్కుంది. పాయల్ సినిమాను ఆస్కార్‌కు మనవాళ్లు పంపలేదు. ఇండియాలో జరిగే యూరప్ సినిమాలా ఉందని ఎంపిక కమిటీకి అనిపించిందట. ఇది అన్యాయమని నా అభిప్రాయం. ముంబయి లోకల్ ట్రైన్, వానాకాలం, మలయాళం, హిందీ, మరాఠీ కలగలిసిన సినిమా ఎక్కడిది మరి? మన థియేటర్లలో దాన్ని విడుదల చేసింది మాత్రం మన రానా దగ్గుబాటి స్పిరిట్ మీడియా.

తెలుగులో బయటి డబ్బు అనగానే గుర్తొచ్చేది అమెరికా. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ను అక్కడి డాక్టర్ పరుచూరి ప్రవీణ నిర్మించారు. ఆమె లేకపోతే అంత మంచి సినిమా మనకు దక్కేది కాదు. కానీ అది ఒక మనిషి ధైర్యం. అలాంటి మనిషి అందరికీ దొరకరు. కో-ప్రొడక్షన్ కావాలంటే రెండు మూడేళ్లు దరఖాస్తులు నింపుతూ, భాగస్వాములు దొరికే గోవా ఫిల్మ్ బజార్‌లో, నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ ఫెస్టివల్‌లో స్క్రిప్టు పట్టుకుని తిరిగే నిర్మాత కావాలి. మన దగ్గర దర్శకులకు కొదవ లేదు. ఇలాంటి నిర్మాతలే వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా కనిపించడం లేదు.

పైగా విదేశీ భాగస్వామి ముందు అడిగేది “మీ దగ్గర్నుంచి ఎంత వచ్చింది?” అనే. కేరళలో రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ మహిళా దర్శకులకు, ఎస్సీ, ఎస్టీ దర్శకులకు సినిమాకు కోటిన్నర వరకు ఇస్తోంది. ఆ దర్శకులు ఈ ప్రశ్నకు తలెత్తి జవాబు చెప్పగలరు. కృష్ణానగర్ కుర్రాడి షీట్‌లో ‘ఫారిన్ ఫండ్’ వరుస పైన ఇంకో వరుస ఉండాలి. కనీసం 30 లక్షలు, పక్కన రాష్ట్ర ప్రభుత్వం పేరు. హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలు ముందుగా చేయాల్సిన పని అది.