అంతా అయ్యాక రాజీనామా

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి నిన్న, 2014 ఫిబ్రవరి 19న, రాజీనామా చేశారు. ముఖ్యమంత్రి పదవికి, ఎమ్మెల్యే పదవికి, కాంగ్రెస్ పార్టీకి, మూడింటికీ ఒకేసారి. అంతకు ముందు రోజే లోక్‌సభలో తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయిన వేళ, తెలంగాణను వేరు చేసే రాష్ట్ర విభజన బిల్లు పాసైపోయింది. రాజీనామాతో ఏదైనా ఆపగలిగిన రోజులన్నీ గడిచిపోయాక, ఎన్నికలు గుమ్మంలోకి వచ్చి, ఆయన పోగొట్టుకునేది కొన్ని వారాల అధికారం తప్ప ఇంకేమీ లేని రోజున ఈ పని చేశారు. ఇది త్యాగమని ఆయన మనుషులు ఊరూరా చెప్తున్నారు. మేం ఒప్పుకోవడం లేదు. ఆయన మా చిత్తూరు జిల్లా మనిషి కాబట్టి ఈ మాట మేమే ముందు చెప్పాలి.

రాష్ట్రాన్ని విడగొట్టాలని కాంగ్రెస్ పెద్దల కమిటీ సీడబ్ల్యూసీ తీర్మానం చేసింది 2013 జులై 30న. ఆ రోజు సాయంత్రానికే ఆయన ముందు రెండు దారులు ఉన్నాయి. పార్టీ మాట వినడం, లేదా వినలేనని చెప్పి దిగిపోవడం. ఆయన మూడోది ఎంచుకున్నారు. పార్టీ ఇచ్చిన కుర్చీలో కూర్చునే పార్టీని తిడతారు, కుర్చీ మాత్రం వదలరు. ఆరున్నర నెలలు ఇలాగే గడిచింది. ఈ నెల 5న ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర మౌన దీక్షకు కూర్చున్నప్పుడు కూడా ఆయన ముఖ్యమంత్రే, కాంగ్రెస్ ముఖ్యమంత్రే.

ఆ ఆరున్నర నెలల్లో మామూలు జనం ఏం వదులుకున్నారో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. విభజన వద్దంటూ ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఎన్జీవోలు, అంటే ప్రభుత్వ ఉద్యోగులు, సమ్మెకు దిగారు, ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు, స్కూళ్లు మూతబడ్డాయి, అక్టోబర్‌లో కరెంటు ఉద్యోగులు కూడా దిగేసరికి ఊళ్లు చీకట్లో ఉన్నాయి. దాదాపు రెండు నెలలు జీతం లేదు. ఒకటో తేదీన జీతం పడకపోతే ఇల్లు గడవని కండక్టర్లు, అటెండర్లు, గుమస్తాలు ఇంట్లో ఉన్న నాలుగు సవర్ల బంగారం తీసుకెళ్లి కుదువ పెట్టుకున్నారు. తిరుపతి బస్టాండును నమ్ముకుని బతికే హోటళ్ల వాళ్లు, పూల వాళ్లు, ఆటో వాళ్లు అడిగే దిక్కు లేక అప్పులు చేశారు. పిల్లల చదువు పోయింది. ఎవరికి ఉన్నది వాళ్లు వదులుకున్నారు. వదులుకుంటే ఢిల్లీకి వినబడేంత పెద్దది ఆయన ఒక్కరి దగ్గరే ఉంది. ఆయన దాన్ని ఆగస్టులో వదల్లేదు, అక్టోబర్‌లో వదల్లేదు, డిసెంబర్‌లో బిల్లు అసెంబ్లీకి వచ్చినా వదల్లేదు.

అప్పుడే దిగిపోయి ఉంటే రాష్ట్రపతి పాలన పెట్టి ఇంకా తొందరగా చీల్చేవాళ్లు, ఆయన ఉండబట్టే జనవరి 30న అసెంబ్లీ ఆ బిల్లును తిరస్కరించింది అని ఆయన వైపు వాళ్లు అంటారు. సరే, తిరస్కరించాం. ఏమైంది? రాజ్యాంగం 3వ అధికరణ ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం చెప్పగలదు, అంతే. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదు. న్యాయశాస్త్రం చదివిన మనిషికి, స్పీకర్ కుర్చీలో కూర్చున్న మనిషికి ఈ సంగతి తెలియదని మేం నమ్మం. తెలిసి కూడా మూజువాణి ఓటుతో బిల్లు ఆగిపోతుందన్నట్టు జనానికి చూపించడం ఏం న్యాయం? చివరి బంతి ఇంకా మిగిలే ఉందని చెప్తూ వచ్చారు. ఆ మాట నమ్మినవాళ్లు పిచ్చివాళ్లు కాదు. ముఖ్యమంత్రి చెప్తున్నాడు, ఏదో తెలిసే చెప్తుంటాడు అనుకున్నారు.

మా కోపం అసలు ఇక్కడ. ఆ నమ్మకం ఖరీదు రాయలసీమ కట్టింది. విభజన ఆగిపోతుందని చెప్పుకుంటూ కూర్చున్నవాళ్లు, విడిపోతే మనకేం కావాలని అడగలేదు. అడిగితే విభజనకు ఒప్పుకున్నట్టే అన్నారు. సీమకు నీళ్లు అడగకూడదు, రాజధాని మాట ఎత్తకూడదు, నోరెత్తితే ద్రోహి. 1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్న మాటలు, 1953లో కర్నూలుకు వచ్చి మూడేళ్లకే హైదరాబాద్‌కు వెళ్లిపోయిన రాజధాని, ఇవన్నీ గట్టిగా ముందు పెట్టాల్సిన సమయం ఇదే. సీమ నుంచే వచ్చిన ముఖ్యమంత్రి ఉండగా ఆ సమయం చేజారిపోయింది.

నీళ్ల సంగతి ఇంకా ఘోరం. హంద్రీ-నీవా, గాలేరు-నగరి రెండూ కృష్ణా మిగులు జలాల మీద, అంటే వాటాలు పోగా మిగిలే నీళ్ల మీద, ఆధారపడ్డ ప్రాజెక్టులు. చిత్తూరు జిల్లా పడమటి మండలాలు హంద్రీ-నీవా కోసం, తూర్పు వైపు గాలేరు-నగరి కోసం ఏళ్ల తరబడి ఎదురు చూస్తున్నాయి. కిందటి నవంబర్‌లో కృష్ణా నీళ్లు పంచే బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ఆ మిగులు జలాలను కూడా రాష్ట్రాలకు పంచేసింది. ఇక మనకు ఉన్న ఒకే ఆశ విభజన బిల్లులో నికర జలాల, అంటే ఖాయంగా వాటాగా వచ్చే నీళ్ల, హామీ రాయించుకోవడం. బిల్లులో ప్రాజెక్టుల పేర్లు ఉన్నాయి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో లేదు. కాలువ తవ్వి, నీటి కేటాయింపు లేకపోతే ఆ కాలువలో మేకలు కాసుకోవడానికి తప్ప దేనికి? ఈ ఒక్క అంశం మీద ఆయన ఢిల్లీలో పట్టుబట్టి, ఇది రాయకపోతే ఈ పూటే రాజీనామా అని ఉంటే, ఆ రాజీనామాకు ఒక అర్థం ఉండేది.

ఇక మూడేళ్లకు పైగా సాగిన పాలన. రూపాయి కిలో బియ్యం, ఎస్సీ ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం, మీ సేవ కేంద్రాలు మంచివే, కాదనం. కలికిరికి ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, అదీ మంచిదే. కానీ మిగతా చిట్టా విప్పితే? కండలేరు జలాశయం నుంచి జిల్లా అంతటికీ తాగునీరని వేల కోట్ల పథకం ప్రకటించారు. పక్క ప్రాంతాల వాళ్లు ఆ అంకె చూపించి మనల్ని తిట్టడానికి తప్ప ఇప్పటిదాకా అది దేనికీ పనికిరాలేదు. తిట్లు మనకు, నీళ్లు ఎవరికీ లేవు. మదనపల్లె, పుంగనూరు వైపు వెయ్యి అడుగులు వేసినా బోర్లు పొడి దుమ్మే కక్కుతున్నాయి, ట్యాంకర్ వచ్చిన రోజే బిందెలు నిండుతున్నాయి.

కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. పరిశ్రమలకు పవర్ హాలిడేలు, రైతుకు రాత్రిపూట కరెంటు. వాటికి తోడు సర్‌చార్జీ. రెండేళ్ల కిందట అదే ఇంట్లో అద్దెకుండి వెళ్లిపోయినవాళ్లు కాల్చిన కరెంటుకు ఇప్పుడున్నవాళ్ల బిల్లులో సర్దుబాటు పేరుతో డబ్బు వేశారు. ఇదేందయ్యా అని కరెంటాఫీసుకు పోయి అడిగితే పైనుంచి వచ్చింది, మాకు తెలీదన్నారు.

ప్రజాభిప్రాయం గురించి ఇప్పుడు ఇంత మాట్లాడుతున్నారు కదా, మున్సిపాలిటీల పాలకవర్గాల గడువు ముగిసింది 2010 సెప్టెంబర్‌లో. ఆయన ముఖ్యమంత్రి అయింది అదే ఏడాది నవంబర్ 25న. అప్పటి నుంచి నిన్నటిదాకా మున్సిపల్ ఎన్నికలు లేవు. తిరుపతి కార్పొరేషన్ ఏర్పడి ఏడేళ్లు కావస్తోంది, ఇంతవరకు ఒక్క కార్పొరేటర్‌ను ఎన్నుకోలేదు. మురికి కాలువ పొంగితే చెప్పుకోవడానికి వార్డుకో మనిషి లేడు, ప్రత్యేకాధికారి గేటు దగ్గర పడిగాపులు కాయాలి. సొంత జిల్లాలోనే ఓటు వేయనివ్వని ముఖ్యమంత్రి, ఢిల్లీ మన గొంతు వినలేదని బాధపడితే ఏం చెప్పాలి? 2012 జూన్ ఉప ఎన్నికల్లో 18 అసెంబ్లీ సీట్లకు కాంగ్రెస్‌కు దక్కింది రెండే. తిరుపతి కూడా పోయింది. ఆ ఓటమికి బాధ్యత వహించి దిగిపోవాలని అప్పుడు ఆయనకు అనిపించలేదు. అసలు మంత్రిగా కూడా చేయని మనిషిని సీల్డ్ కవర్‌లో పేరు పెట్టి ముఖ్యమంత్రిని చేసింది ఢిల్లీయే. ఢిల్లీ పెత్తనం మీద ఆయనకు అప్పుడు అభ్యంతరం లేదు.

మాకు ఎక్కువ భయం కలిగిస్తున్నది ఈయన తర్వాత వచ్చేవాళ్లు ఏం నేర్చుకుంటారన్నది. రాజీనామా అనే మాటకు ఈ రాష్ట్రంలో ఇప్పటికే విలువ లేకుండా చేశారు. 2009 డిసెంబర్‌లో మన ప్రాంతం ఎమ్మెల్యేలు ఒక్క రోజులో మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చారు. 2011 జులైలో తెలంగాణ వాళ్లు ఇచ్చారు, భావోద్వేగంతో ఇచ్చారని స్పీకర్ తిరస్కరించారు. మొన్న ఆగస్టులో మళ్లీ మనవాళ్లు. స్పీకర్ ఫార్మాట్‌లో కారణాలేవీ రాయకుండా ఒక్క వాక్యం రాసివ్వాలని అందరికీ తెలుసు, అయినా లెటర్‌హెడ్ మీద పేజీ నిండా ఆవేదన రాసి, ఫొటోలు దిగి, మర్నాడు అదే పదవి బోర్డున్న కారులో తిరిగారు. ఇప్పుడు ముఖ్యమంత్రే ఇంకో పద్ధతి చూపించారు. చివరి రోజు దాకా పదవిలో ఉండు, ఈ నెలలో కొన్ని నెలల ఖర్చుకు ఓటాన్ అకౌంట్ బడ్జెట్ కూడా పెట్టించు, అన్నీ అయిపోయాక దిగి, అదే మొహంతో ఓటు అడుగు. కొత్త పార్టీ పెడతారని ఇప్పటికే ప్రచారం నడుస్తోంది. ఇది గనక గెలిచిందంటే, రేపు ఏ కష్టం వచ్చినా ఏ నాయకుడూ సమయానికి పదవి వదలడు. ఆలస్యంగా దిగితే దండలు పడతాయని తెలిశాక, ముందే దిగి నష్టపోవడానికి ఎవడికి పట్టింది?

మా జిల్లానే ఇచ్చిన ఇంకో పెద్ద నాయకుడు చంద్రబాబు, రెండు ప్రాంతాలూ తనకు రెండు కళ్లన్న మాట దగ్గరే ఆగిపోయారు. ఆయన సంగతి ఇంకో రోజు రాస్తాం.

కిరణ్‌కుమార్ రెడ్డి గారు కొత్త జెండా పట్టుకుని తన నియోజకవర్గం పీలేరు రాకముందు, తిరుపతి రాకముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆరున్నర నెలల్లో సీమ నీళ్ల కోసం పదవిని పణంగా పెట్టి రాయించిన వాక్యం ఒక్కటి ఉందా? ఉంటే చూపించండి. లేకపోతే త్యాగం అనే మాట వాడకండి, జీతం లేకుండా రెండు నెలలు రోడ్డు మీద కూర్చున్నవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు, వింటున్నారు.

బిల్లు ఈ రోజు, 2014 ఫిబ్రవరి 20న, రాజ్యసభ ముందు ఉంది. అక్కడున్న మన ఎంపీలు ప్లకార్డులు పట్టుకుని సభ మధ్యలోని వెల్‌లోకి దూకడం, రాజీనామా లేఖలు ఊపడం చాలించి, హంద్రీ-నీవాకు, గాలేరు-నగరికి నికర జలాలు రాయమని సవరణ ఇచ్చి ఓటింగ్ అడగాలి. ఓడిపోయినా పర్లేదు, ఎవరు ఎటు చేయి ఎత్తారో రికార్డులో ఉంటుంది. ఆ పాటి కూడా చేయలేనివాళ్లు ఏప్రిల్‌లో మా గుమ్మం ఎక్కకండి.