ఆక్టోపస్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆక్టోపస్ గారి, అనగా స్కూబా డైవింగ్‌లో గాలి అయిపోయిన తోటివాడికి అందించే అదనపు రెగ్యులేటర్ గారి, దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ నా ఊపిరితిత్తులు క్షేమం. అక్కడ బ్యాగు అడుగున మీ డయాఫ్రమ్ అనే రబ్బరు పొర కూడా క్షేమమనే తలుస్తున్నాను. తలచడమే తప్ప, విప్పించి చూసింది లేదు.

మిమ్మల్ని కొన్న రోజు నాకు బాగా గుర్తుంది. నా నోట పెట్టుకుని ట్యాంకు గాలి పీల్చే రెగ్యులేటర్ కోసం ఆ దుకాణంలో మూడు గంటలు కూర్చున్నాను. ట్యాంకు 200 బార్ పీడనం మీద ఉన్నప్పుడూ 50కి దిగినప్పుడూ గాలి ఒకేలా అందుతుందా, పీల్చడానికి ఎంత బలం పెట్టాలి అని, పిల్లకు సంబంధం చూసే తండ్రిలా ఆరా తీశాను. తీరా బిల్లు వేసే ముందు దుకాణదారు "మరి ఆక్టోపస్?" అని అడిగితే, "చవకలో ఏదో ఒకటి ఇవ్వండి, అది నాకు కాదుగా" అన్నాను. గాలి అయిపోయి నా వైపు ఈదుకుంటూ వచ్చే మనిషి ఊపిరికి ఆ విధంగా నేనే ధర కట్టాను. కారుకు స్టెప్నీ కొనేవాడు కూడా టైరు సైజైనా చూసుకుంటాడు.

ఎనిమిది చేతుల జీవి పేరు పెట్టుకున్న మీకు ఉన్నది ఒక్క గొట్టమే. నా గొట్టం 75 సెంటీమీటర్లయితే మీది సుమారు మీటరు. ఎదుటివాడి నోటిదాకా అందాలి కదా. ఒంటినిండా పసుపు మాత్రం శుభకార్యానికి కాదు, గాభరాలో ఉన్న కంటికి ఇట్టే ఆనడానికి. గడ్డానికీ దిగువ పక్కటెముకలకూ నడుమ, ఛాతీ మీద క్లిప్పుకు తగిలి ఉండటం మీ ఉద్యోగ ధర్మం.

ఆ ధర్మం నిరుడు అండమాన్‌లో, హేవ్‌లాక్ దీవి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) దగ్గర, 18 మీటర్ల లోతున పరీక్షకు వచ్చింది. బడ్డీ, అంటే నా జత డైవరు, గాలి అయిపోయిందని అరచేతిని గొంతు మీద అడ్డంగా ఆడించాడు. నా చెయ్యి ఛాతీ మీద మీకోసం తడుముకుంది. తమరు క్లిప్పు జారి, నా వెనకాల ఇసుక దున్నుకుంటూ వస్తున్నారు. లాగి అందించేసరికి అతను మిమ్మల్ని తలకిందులుగా నోట పెట్టుకున్నాడు. మీలో నీళ్లు బయటికి పోయే వాల్వు అడుగున ఉండాలి. అది పైకి తిరిగితే నీళ్లు లోపలే నిలుస్తాయి. పైగా ఆ వాల్వు అంచున ఇసుక రేణువులు ఇరుక్కున్నాయి. దాంతో అతని మొదటి ఊపిరిలో సగం గాలి, సగం సముద్రం. మా డైవ్‌మాస్టర్ వచ్చి మిమ్మల్ని తిప్పి పెట్టి, బటన్ నొక్కి నీళ్లు వెళ్లగొట్టాకే ముగ్గురం మెల్లగా పైకి తేలాం.

ఇందులో మీ తప్పు ఎంత, నా పిసినారితనం ఎంత అన్నది ఆ తరువాత లెక్క చూశాను. ఆ లోతున పీడనం 2.8 బార్, అంటే ఒక్కో ఊపిరికి ఒడ్డు మీద కంటే దాదాపు మూడింతల గాలి ఖర్చు. భయపడ్డవాడు రెట్టింపు వేగంతో పీలుస్తాడు, ఇచ్చినవాడు కూడా కంగారులో అంతే పీలుస్తాడు, ఆ ఇద్దరినీ ట్యాంకుకు బిగించి గాలి పీడనం తగ్గించే ఒకే ఫస్ట్ స్టేజ్ పోషించాలి. ఎవరూ పీల్చకుండానే మీరు బుసకొట్టి గాలి వృథా చేస్తారన్న భయంతో దుకాణదారు మీ స్ప్రింగు బిగించి ఇచ్చాడు. నిజానికి నీళ్లలోకి దూకినప్పుడు మౌత్‌పీస్ కిందికి తిరిగి ఉంటే ఆ బుస చాలా మటుకు అణుగుతుంది. ప్రశాంతంగా ఉన్న నాకు తేలికగా వచ్చే గాలి, ఆ బిగింపు వల్ల ప్రాణభయంతో ఉన్నవాడికి బలం పెడితే గాని రాదు. ఆకలితో వచ్చిన అతిథికి బియ్యం చేతికిచ్చి వండుకోమన్నట్టుంది.

మీ దాయాదుల సంగతి కూడా విచారించాను. నీళ్లలో తేలడాన్ని అదుపుచేసే జాకెట్టులో గాలి నింపే గొట్టానికే రెగ్యులేటర్ అతికించిన ఒకాయన ఉన్నారు. ఆయన చేరితే ఒక గొట్టం తగ్గుతుంది గాని, నా నోటిలోది బడ్డీకి ఇచ్చేసి, నేను ఆయనతో పీలుస్తూ, పైకి వచ్చేటప్పుడు జాకెట్టు గాలి కూడా ఆయన ద్వారానే వదలాలి. ఒకే గుమాస్తాకు రెండు సీట్ల పని అప్పగించడం నాకు నచ్చలేదు. గుహల్లో ఈదేవారి పద్ధతి వేరు: రెండు మీటర్ల పొడవు గొట్టం మీద తాము పీలుస్తున్నదాన్నే ఎదుటివాడికి ఇచ్చి, మెడలో హారంలా వేలాడేదాన్ని తాము అందుకుంటారు. ఇస్తున్నది పనిచేస్తోందని ఇచ్చేవాడికి ముందే తెలుసు. ఈ మర్యాద నాకెందుకు తోచలేదో!

కావున తమరికి పదవీ విరమణ ప్రసాదించడమైనది. మీ స్థానంలో, ఎటు తిప్పి పెట్టుకున్నా తలకిందులు కానిదాన్ని, నాదాన్ని తయారుచేసిన కంపెనీదే, నాది సర్వీసుకు వెళ్లినప్పుడే వెళ్లేలా తీసుకున్నాను. పడవ మీద దూకే ముందు దానితోనూ నాలుగు ఊపిర్లు పీలుస్తూ, ట్యాంకు పీడనం చూపే గేజి ముల్లు ఊగుతుందేమో చూస్తున్నాను.

ఇట్లు,
తమ నిర్లక్ష్యపు యజమాని

తా.క.: మిమ్మల్ని మూట కట్టేటప్పుడు మీ మౌత్‌పీస్ చూశాను. దాని మీద బడ్డీ పంటిగాట్లు ఉన్నాయి. నాలుగేళ్లుగా నేను వాడుతున్న మౌత్‌పీస్ మీద కూడా అంత లోతు గాట్లు లేవు.