వాసన లేని మనిషి కావలెను

అమెరికాలో నవంబరు రాగానే లక్షలాది మగవాళ్లకు ఉన్నట్టుండి శుచి శుభ్రాలు గుర్తొస్తాయి. ఇంట్లోవాళ్లు ఏడాది పొడవునా మొత్తుకున్నా చలించనివారు తెల్లతోక జింక వేట కోసం రెండుపూటలా స్నానం చేస్తారు. సబ్బుకు వాసన ఉండకూడదు, బట్టలుతికే పొడికి ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి బంద్. వేటకు తొడుక్కునే బూట్లతో పెట్రోలు బంకులో కాలు పెట్టరు. మండల దీక్షకు ఏమాత్రం తీసిపోని నిష్ఠ. కాకపోతే ఇక్కడ దర్శనమైన మరుక్షణం తుపాకీ పేలుతుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పుణ్యమా అని జింకను వేటాడినవాడు జైలు వాసన చూడాల్సి వస్తుంది కనుక ఈ శాస్త్రం మనకు అంతగా అబ్బలేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను. జింక ముక్కుతో పోలిస్తే మన ముక్కు కళ్లజోడు ఆనడానికి తప్ప దేనికీ పనికిరాదు. గాలి తనవైపు వీస్తే చాలు, అది మనిషిని చూడకుండానే పసిగడుతుంది. ముందు కాలితో నేలను తన్ని, బుస్సుమని చీది, తోక పైకెత్తి ఉడాయిస్తుంది. ఆ చీదుడు చుట్టుపక్కల జింకలన్నింటికీ బహిరంగ ప్రకటన.

అందుకే వాసనను అంతం చేసే సరుకుతో దుకాణాలు నిండిపోయాయి. ఒంటిమీద చల్లుకునే ద్రవాలు, ఓజోన్ యంత్రాలు, నోట్లో నమిలే క్లోరోఫిల్ బిళ్లలు. అన్నిటికన్నా గొప్పవి ఉత్తేజిత కర్బనం, అంటే వాసనలు పీల్చుకునే బొగ్గు, కుట్టిన బట్టలు. పీల్చుకున్న కంపును వదిలించడానికి వాటిని ఇంట్లో బట్టలారబెట్టే యంత్రంలో వేసి తిప్పితే చాలనేవారు. వాడేసిన కర్బనానికి పూర్వశక్తి రావాలంటే కొలిమిలో 800 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల వేడి కావాలి. ఆ వేడికి కర్బనం కోలుకుంటుంది, చొక్కా మాత్రం మిగలదు. 2002లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఇలాంటి బట్టలు వేసిన మనుషులను దాచి, జాడ తీసే కుక్కలను వదిలారు. కుక్కలు వాళ్లను చక్కగా పట్టేశాయి. ప్రకటనలు చదివే అలవాటు లేకపోవడమే కారణం కావచ్చు.

వీటన్నిటికీ విరుగుడు ఒకటుంది. జింక వచ్చే దారి నుంచి గాలి మన మీదికి వీచేలా కూర్చోవడం. పైసా ఖర్చు లేదు, కనుక దాన్ని ఎవరూ డబ్బాలో పెట్టి అమ్మలేదు. ఇందులోనూ చిక్కుంది. ఫోనులో ‘వాయవ్యపు గాలి’ అని ఉంటుంది, తూర్పు అమెరికాలోని అపలాచియన్ కొండల లోయకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. పొద్దెక్కాక ఎండకు కొండవాలు వేడెక్కి గాలి పైకి పోతుంది. సాయంత్రం చల్లబడి, బరువెక్కి, వాగులోకి జారుతుంది. మంచె మీది వేటగాడు గాలివాటం చూద్దామని మన జిల్లేడుకు దగ్గరి చుట్టమైన మిల్క్‌వీడ్ దూదిపింజను వదులుతాడు. అది కొంతదూరం బుద్ధిగా వెళ్లి, ఓక్ చెట్టు మొదట్లో కాస్త తటపటాయించి, గిరుక్కున వెనుదిరిగి, మంచె కిందుగా సాగి వాగువైపు జారుకుంటుంది. జింక పడుకున్నది ఆ వాగు పక్కనే. మూడు సబ్బుల కష్టం ఆ పింజ వెనకాలే పోయింది.

అసలు అన్యాయం మరొకటి. ఎదకాలంలో మగజింక తన వెనకకాళ్లు దగ్గరికి చేర్చి, కీళ్ల దగ్గరి వెంట్రుకల కుచ్చుల మీద తానే మూత్రం పోసుకుని రుద్దుకుంటుంది. ఆ కంపుతోనే పెళ్లిచూపులకు బయలుదేరుతుంది. ఇక్కడ స్నానాలతో తోలు ఊడిన మనిషేమో ఆడజింక మూత్రాన్ని సీసాల్లో కొనుక్కొచ్చి దారంతా చల్లుతాడు. జింకల మెదడును తినేసే ప్రాణాంతక వ్యాధి దీనివల్ల కూడా పాకవచ్చని వర్జీనియా రాష్ట్రం 2015లో ఈ సీసాలను నిషేధించింది. జింకకు లేని శుచి మనిషికెందుకని అడిగినవారు ఇంతవరకు ఎవరూ లేరు. కనీసం ఒక విచారణ సంఘమైనా వేయాలి.

ఆ సంఘం ముందుగా న్యూజెర్సీలో తెలుగువారి పెరళ్లను సందర్శించాలని నా మనవి. అడవిలో మనిషి వాసన సోకితే ప్రాణాలరచేత పెట్టుకుని పరిగెత్తే ఆ జింకే ఇక్కడ ఇంగువ పోపు గుప్పుమంటున్నా కదలకుండా చిక్కుడు పాదును మొదలంటా మేస్తుంది. దాన్ని తరమడానికి ఇంటివాళ్లు ఘాటైన సబ్బుబిళ్లలు, క్షౌరశాల నుంచి తెచ్చిన జుట్టు మూటలు కంచెకు వేలాడదీస్తారు. అక్కడ డబ్బు పోసి వదిలించుకున్న మనిషి వాసనను ఇక్కడ ఏరికోరి తగిలిస్తున్నారన్నమాట. జింక ఆ మూటను ఒకసారి మూచూసి, భోజనం కొనసాగిస్తుంది.

కాబట్టి మంచెలను పెరళ్లకు తరలిస్తే సరిపోతుందని మీకు తోచవచ్చు. నాకూ తోచింది. కానీ అక్కడి చట్టం ప్రకారం, యజమాని రాసిచ్చిన అనుమతి లేనిదే ఎవరి ఇంటికైనా 450 అడుగుల లోపు తుపాకీతో వేటాడకూడదు. మన ఇంటి సంగతి సరే, అంత దూరంలో ఉన్న ఇరుగుపొరుగులందరి దగ్గరా సంతకాలు పెట్టించుకోవాలి. చిక్కుడు తీగ నములుతూ మనవైపు నింపాదిగా చూస్తున్న ఆ జింక, పక్కింటివాళ్లతో మనకు మాటల్లేవన్న సంగతి కూడా పసిగట్టినట్టే ఉంది.