ఒక్క పన్ను తప్పినందుకు ఐదు నక్షత్రాలట!

ఉదయం టీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది, ఫోనుకు సందేశం వచ్చింది. "గౌరవనీయులైన కస్టమర్ గారికి నమస్కారం. మా సేవ మీకు నచ్చిందని ఆశిస్తున్నాం. దయచేసి ఐదు నక్షత్రాలు ఇచ్చి మమ్మల్ని ప్రోత్సహించండి." చివర జోడించిన రెండు చేతుల బొమ్మ, ఒక గులాబీ. టీ చల్లారిపోయింది. నేను చల్లారలేదు.

ఎవరు పంపారో పేరు రాయను. అనంతపురం ఎంత ఊరు? రేపు సప్తగిరి సర్కిల్‌లో ఎదురుపడతారు, నమస్కారం పెట్టాలి. గుర్తుకు చెప్పాలంటే అదొక పెద్ద బోర్డు ఉన్న గ్యారేజీ. లోపల ఏసీ గది, సోఫా, అద్దాల తలుపు. "మీ కారును మా ఇంటి బిడ్డలా చూసుకుంటాం" అని గోడ మీద రాసుకున్నారు. వాళ్ళింట్లో బిడ్డలు ఎలా ఉన్నారో ఏమో, తలచుకుంటే జాలేస్తోంది.

మాది 2011 మోడల్ చిన్న పెట్రోల్ కారు. దానికి టైమింగ్ బెల్టు ఉంది. చెయిన్ ఉన్న కార్లవాళ్ళు ఈ పేరా దాటేయవచ్చు, మీరు పూర్వజన్మలో పుణ్యం చేసుకున్నారు. ఇంజిన్‌లో పిస్టన్ల ఊపుకు కింద క్రాంకు అనే ఇరుసు తిరుగుతుంటే, దానితో పాటు పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టును తిప్పేది పళ్ళున్న ఈ రబ్బరు పట్టీయే. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. గాలీ పెట్రోలూ లోపలికి, పొగ బయటికి పంపే వాల్వుల్లో ఏది ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. బెల్టు తెగిందా, మా ఇంజిన్ లాంటి వాటిలో పైకి వచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి, హెడ్డు విప్పాలి, ఆ బిల్లు చూసి మనమూ వంగుతాం. అందుకే తెగేదాకా ఆగకుండా ముందే మార్చమంటారు. కారు ఎక్కువ తిరగలేదు కదా అని ఊరుకోవడానికి లేదు. రబ్బరు నిలబెట్టినా ముసలిదవుతుంది, అందులోనూ మన ఎండకు. 2017లో ఒకసారి మార్పించాను. ఇన్నేళ్ళు గడిచాయి, బెంగళూరు ప్రయాణం ఉంది, రెండు వందల కిలోమీటర్ల పైగా హైవే మీద పోవాలి, మార్పించేస్తే నిశ్చింత అనుకున్నాను. నిశ్చింత!

ఆ గ్యారేజీని సిఫారసు చేసింది మా బావమరిది. ఆయన ఉండేది బెంగళూరులో, అనంతపురంలో ఏది మంచిదో చెప్పేది ఆయన. "బావా, రేకుల షెడ్డుల్లో ఎందుకు, కంప్యూటర్ పెట్టి చూసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి" అన్నాడు. వెళ్ళాను. పాత బెల్టు తెచ్చి చూపించారు, వెనకవైపు సన్నని పగుళ్ళు కనిపించాయి. సరే, మార్చాల్సిందే. బెల్టుతో పాటు దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనరు, వాటర్ పంపు కూడా కొత్తవి వేయమని నేనే చెప్పాను. ఎలాగూ విప్పారు కాబట్టి అది తెలివైన పనే, దాంట్లో నాకు పేచీ లేదు. బిల్లు 7,400. సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కాఫీ బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

మర్నాడు ఉదయం మొదలైంది. సెల్ఫ్ కొడితే ఎప్పుడూ ఒక్కసారికే అందుకునే బండి మూడోసారికి గానీ అందుకోలేదు. స్టార్టయ్యాక నిలకడ లేదు, చలిజ్వరం వచ్చినట్టు ఒకటే వణుకు. టవర్ క్లాక్ దగ్గరి వంతెన ఎక్కుతుంటే పికప్ లేదు, మిస్సింగ్ కొడుతోంది, వెనక ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడు. ఇంజిన్ లైటు పసుపుగా వెలిగి కూర్చుంది. ఇవి చాలవన్నట్టు టెంపరేచర్ ముల్లు పైపైకి పోయింది. అదొక్కటి మాత్రం త్వరగానే తేలింది. వాటర్ పంపు మార్చినప్పుడు కూలెంట్ పోసి గాలి తీయకుండా వదిలేశారట. ఆ గాలి తీసి పంపారు. "చిన్న విషయం సార్." ముల్లు ఎర్రగీత దాకా పోయుంటే అప్పుడు పెద్ద విషయమయ్యేది. అది మాత్రం ఎవరూ అనలేదు.

మిగతా జబ్బులకు వాళ్ళు చెప్పిన కారణాలు వినండి. మొదటిసారి వెళితే, "పెట్రోలులో కల్తీ సార్." పదేళ్ళుగా ఒకే బంకులో పోయిస్తున్నాను. ఆ బంకువాడు నా బెల్టు ఎప్పుడు మారుస్తారా అని కాచుకుని, ఆ రాత్రే కల్తీ కలిపాడన్నమాట. రెండోసారి, "ప్లగ్గులు పోయాయి సార్." 1,200. మూడోసారి, "లోపల మసి పట్టింది, క్లీనింగ్ చేయాలి." 900. ప్రతిసారీ వణుకు అలాగే ఉంది, వాళ్ళ మర్యాద కూడా అలాగే ఉంది. నాలుగోసారికి వాళ్ళ కంప్యూటర్ బయటికి వచ్చింది. తగిలించి చూస్తే పీ 0016 అని కోడ్ చూపించింది. ఆ కోడ్‌కు అర్థం నేను ఇంటికి వచ్చి ఫోనులో వెతికి తెలుసుకున్నాను. కింద క్రాంకు ఉన్న స్థానానికీ పైన క్యామ్ ఉన్న స్థానానికీ పొత్తు కుదరడం లేదని! నిన్నగాక మొన్న ఆ రెంటినీ కలిపే బెల్టును విప్పి బిగించింది ఎవరండీ? నేనా? మా బంకువాడా?

వాళ్ళు ఏం చేశారో తెలుసా? క్యామ్ ఎక్కడుందో చూసి చెప్పే సెన్సర్ మార్చారు. 1,850. ఆలుమగలకు పడటం లేదని చెప్పిన పక్కింటావిడను ఊరు దాటించినట్టు. సెన్సర్ మార్చాక లైటు ఆరింది. ఇల్లు చేరేలోపే మళ్ళీ వెలిగింది.

నేను మెకానిక్కును కాదు. పుస్తకాలు చదివి పరీక్షలు రాసినవాడినీ కాదు. కానీ నిన్నటిదాకా లేని జబ్బు ఇవాళ మొదలైతే, నిన్న ఎవరు ముట్టుకున్నారో వాళ్ళ చెయ్యి ముందు చూడాలని ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. పెట్రోలును అనుమానించారు, ప్లగ్గుల్ని అనుమానించారు, సెన్సర్‌ను అనుమానించారు. అనుమానించనిది ఒక్కటే, వాళ్ళు చేసిన పని. నేనే మెల్లగా, "బాబూ, ఆ బెల్టు సరిగ్గా కూర్చుందో లేదో గుర్తులు ఒక్కసారి చూడకూడదా?" అన్నాను. కౌంటర్లో ఉన్న పెద్దమనిషి నవ్వాడు. "సార్, మా కుర్రవాళ్ళు ఇలాంటివి వందల బండ్లకు చేశారు. మీ బండి పాతది." ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. ఇక్కడ మద్దెల నాది, ఓడన్నందుకు బిల్లు కూడా నాకే.

చివరికి బావమరిదికి చెప్పకుండా రుద్రంపేట వైపు రేకుల షెడ్డుకే పోయాను. అక్కడి భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. కాఫీ లేదు, సోఫా లేదు, కూర్చోవడానికి పాత టైరు. చెప్పిందంతా విని ఒకే ప్రశ్న వేశాడు. "ఎప్పటి నుంచి?" బెల్టు మార్చిన మర్నాటి నుంచి అన్నాను. ఇంకేమీ అడగలేదు, కవరు విప్పడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత జరిగింది నా కళ్ళతో చూశాను, ఫోను టార్చి పట్టుకున్నది నేనే కాబట్టి. ప్లగ్గులు తీసేసి, క్రాంకు బోల్టుకు పానా వేసి చేత్తో మెల్లగా తిప్పాడు, మొదటి పిస్టన్ పైకి వచ్చేదాకా. కింది పళ్ళచక్రం మీద గుర్తు, ఇంజిన్ మీద గుర్తు ఎదురెదురుగా నిలిచాయి. "ఇప్పుడు పైన చూడండి" అన్నాడు. పైన క్యామ్ చక్రం మీద ఎవరో వైట్‌నర్‌తో పెట్టిన తెల్లచుక్క ఉంది. అంటే కంప్యూటర్ ఉన్న ఆ గ్యారేజీలో కంపెనీ గుర్తులు వదిలేసి, పాత బెల్టు ఎక్కడుందో వైట్‌నర్ పూసి, అదే చుక్కకు కొత్త బెల్టు ఎక్కించారన్నమాట. ఎక్కించేటప్పుడు కొంచెం జారి ఉంటుంది. అసలు గుర్తు పక్కకు పోయి ఉంది. భాయ్ నల్లటి గోరుతో లెక్కపెట్టి చూపించాడు. ఒక్క పన్ను. ఒకే ఒక్క పన్ను తేడా.

ఆ ఒక్క పంటికి నేను పదిహేను రోజులు ఊరంతా తిరిగాను.

టెన్షనరు వదులు చేసి, బెల్టు సరిచేసి, మళ్ళీ బిగించాడు. అయిపోయిందనుకుని నేను టార్చి ఆపబోతుంటే వద్దన్నాడు. పానా పట్టి చేత్తో క్రాంకును నిండుగా రెండు చుట్లు తిప్పాడు. రెండు చుట్లు తిరిగితే పైది ఒక చుట్టు పూర్తవుతుంది, గుర్తులన్నీ మొదటి చోటికే రావాలి. వచ్చాయి. ఎక్కడా అడ్డు తగల్లేదు. అప్పుడు కవరు మూశాడు. ఈ రెండు చుట్లకు పట్టిన సమయం, నా ఫోను గడియారం సాక్షిగా, రెండు నిమిషాలు కూడా లేదు. ఏసీ గదిలో ఎవరికీ ఆ రెండు నిమిషాలు దొరకలేదు. ఒక్క సెల్ఫ్‌కే బండి అందుకుంది. వణుకు లేదు. 600 తీసుకున్నాడు. అన్నట్టు, కవరు బిగిస్తుంటే ఒక బోల్టు తక్కువైంది. అది వైపర్ కింద సందులో దొరికింది. ఆ ఇంటి బిడ్డ బోల్టు!

గ్యారేజీకి వెళ్ళి మర్యాదగానే అడిగాను. 11,350 తీసుకున్నారు, కనీసం ఆ సెన్సరు డబ్బులైనా వెనక్కి ఇవ్వండి అన్నాను. పెద్దమనిషి తొణకలేదు. "బయటివాళ్ళ చెయ్యి పడింది కాబట్టి ఇప్పుడు మా బాధ్యత ఉండదు సార్." వాళ్ళ చెయ్యి పడినప్పుడు బాధ్యత బండిది, వేరేవాళ్ళ చెయ్యి పడితే బాధ్యత ఎవరిదీ కాదు. బావమరిదికి ఫోను చేసి చెబితే, "బావా, ఇంకా ఆ కారేనా? అమ్మేసి కొత్తది తీసుకోండి, మీ దగ్గరే తయారవుతున్నాయిగా" అన్నాడు. నిజమే, డెబ్బై కిలోమీటర్ల దూరంలో పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. 2022లో జిల్లా చీల్చాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ఫ్యాక్టరీ కదల్లేదు, గీత కదిలింది. మాకు మిగిలింది గడియార స్తంభం, ఎండ, ఐదు నక్షత్రాల గ్యారేజీలు.

నాకు అసలు కోపం కారు గురించి కాదు. ఈ మాట, "మా పని బాగానే ఉంది, మీదే పోయింది" అనే ఈ మాట, మా ఇంట్లో ఇంతకుముందు ఒకసారి విన్నాం. 2014 వేసవి. శింగనమల వైపు మాకు చీనీ తోట ఉంది. బోరు మోటారు కాలిపోతే నాన్న వైండింగ్ షాపులో చేయించి దింపించారు. స్విచ్ వేస్తే నీళ్ళు వచ్చాయి, కానీ సన్నగా, చిటికెన వేలంత ధార. అంతకుముందు పైపు నిండుగా పోసిన బోరు. షాపువాడు వచ్చి చూసి, "మోటారు బ్రహ్మాండంగా ఉంది పెద్దాయనా, మీ బోర్లోనే నీళ్ళు అయిపోయాయి" అన్నాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు వాన పడే చోట ఆ మాట ఎవరు నమ్మరు? నాన్న నమ్మారు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని పాయింటు చూసేవాడు వచ్చాడు, కాయ లేచి నిలబడింది. రాత్రంతా బోరు బండి మోత. 480 అడుగులు. తెల్లటి దుమ్ము తప్ప చుక్క తడి రాలేదు. తెల్లారేసరికి ఆ దుమ్ము నాన్న మీసాల మీద, కనురెప్పల మీద ఉంది. బండివాళ్ళు అడుగుల లెక్కన డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు.

మూడు వారాల తర్వాత పక్క తోటలో కరెంటు పని చేయడానికి వచ్చిన కుర్రవాడొకడు మా పాత బోరు ధార చూసి, స్టార్టర్ పెట్టె తెరిచి, మూడు తీగల్లో రెంటిని అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. అంతే. పైపు నిండా నీళ్ళు. త్రీ ఫేజ్ మోటారుకు రెండు తీగలు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. పంపు వెనక్కి తిరిగితే నీళ్ళు పేరుకే వస్తాయి. వైండింగ్ చేసి దింపినవాడు ఆ రెండు తీగలు ఒకసారి మార్చి చూసి ఉంటే చాలు. చూడలేదు. బోరు ఎండిందన్నాడు. ఆ మూడు వారాల్లో పదకొండు చీనీ చెట్లు ఎండిపోయాయి. నాన్న షాపుకు వెళ్ళి అడిగారా? అడగలేదు. "పోనీలే, వాడు మాత్రం కావాలని చేశాడా" అన్నారు. నాకు నాన్నంత పెద్ద మనసు లేదు. నాకు ఆ పదకొండు చెట్లు ఏ వరుసలో ఉండేవో ఇప్పటికీ తెలుసు.

కాబట్టి "ఒక్క పన్ను తేడాకు ఇంత గోల ఎందుకు" అని ఎవరూ నాకు సర్దిచెప్పవద్దు. "పాత బండి కదా" అని అసలే అనవద్దు. మా బావమరిది ఇది చదువుతాడని తెలుసు, చదవనీ.

ఆ సందేశానికి ఇంకా జవాబు ఇవ్వలేదు. వైపర్ కింద దొరికిన బోల్టును అరచేతిలో పెట్టుకుని ఫోటో తీశాను, పంపిద్దామని. తుప్పు సరిగ్గా కనిపించడం లేదు. మధ్యాహ్నం ఎండ వచ్చాక మళ్ళీ తీస్తాను.