కాంటూరు రేఖ గారికి, దిగువ నుంచి

శ్రీమతి కాంటూరు రేఖ గారికి,

నమస్కారం. మొదటిసారి క్లాసులో మీ పేరు విన్నప్పుడు గుంటూరు పక్కన కాంటూరనే ఊరుందేమో, ఆ ఇంటిపేరుతో రేఖ అనే మేడం కొత్తగా చేరారేమో అనుకున్నాను. పాఠ్యపుస్తకంలో మిమ్మల్ని సమోన్నత రేఖ అని కూడా అంటారట. ఆ పేరుతో పిలిస్తే మీరే పలకరు.

సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుకుంటూ పోవడం మీ పని. చెప్పడానికి ఇంతే. చూడబోతే మ్యాపు మీద ఎవరో గోధుమరంగు సేమ్యా ఒలకబోసినట్టు ఉంటారు. మీరు ఒకరినొకరు ఆనుకుని ఉంటే నిటారు కొండ, ఎడంగా ఉంటే చదును నేల. ఇక్కడిదాకా మనకు పేచీ లేదు. పేచీ అంతా మీరు వంపు తిరిగినప్పుడే. వంపు మొన ఎత్తు వైపు చూస్తే లోయ, పల్లం వైపు చూస్తే గట్టు. మొదటి ప్రాక్టికల్‌లో మీ పక్కనున్న అంకెలు చూడకుండా నేను గట్టు నడినెత్తిన ఏరు పారించాను. మా సార్ ఆ కాగితం పైకెత్తి క్లాసంతటికీ చూపించి, "భగీరథుడి తర్వాత ఈ అమ్మాయే" అన్నారు.

(మ్యాపులో ఒక చోటును అంకెల్లో చెప్పే గ్రిడ్ రిఫరెన్సులో ముందు తూర్పు అంకెలు, తర్వాత ఉత్తరం అంకెలు రాయాలి. నేను తిరగేసి రాస్తే పోస్టాఫీసు వెళ్లి చెరువులో పడింది. ఆ పాపం మీది కాదు, మీ ముందే జరిగింది కాబట్టి చెబుతున్నాను.)

అసలు సంగతికొస్తాను. మా బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మా కాలేజీలో ఉన్నది 57హెచ్/9 నంబరు టోపోషీటు, అంటే కొండలు, చెరువులు, ఊళ్లు అన్నీ చూపించే సర్వే మ్యాపు, నాకంటే చాలా పెద్ద వయసుది. దాని మీద 2 సెంటీమీటర్లంటే నేల మీద 1 కిలోమీటరు. మా మామయ్య మదనపల్లెలో పొలం అమ్మి, ఇక్కడ ఫ్లాట్ కొన్నాడు. బ్రోచర్‌లో 'కొండ కనిపించే బాల్కనీ' అని రాశారు. కొండ కనిపిస్తుంది నిజమే. కొండ మీంచి వచ్చే నీళ్లు కూడా కనిపిస్తాయని రాయలేదు. మొన్నటి వానకు సెల్లార్‌లో కారు తేలింది. మామయ్య ఫోన్ చేసి, "ఏమ్మా, నీ మ్యాపులో మా ఇల్లు ఎక్కడుందో చూడు" అన్నాడు. చూశాను. నీలి రంగులో ఉంది. దాని దిగువన చెరువుకట్ట గుర్తు కూడా చక్కగా ఉంది.

అప్పుడు మిమ్మల్ని అడుగుదామని వస్తే మీరు చేతులెత్తేశారు. ఈ షీటులో మీరు 20 మీటర్ల ఎత్తుకు ఒకరు. అంటే మీలో ఇద్దరి మధ్య ఆరంతస్తుల అపార్ట్‌మెంట్ ఇమిడిపోతుంది, మీకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అయిదో గీతను లావుగా గీసి 100 మీటర్ల లెక్క చెబుతారు. మోకాలి లోతు నీళ్లు ఎక్కడ నిలుస్తాయో మాత్రం చెప్పరు. అది చెప్పడానికి పాత చెరువు నీలి మచ్చే దిక్కయింది.

మామయ్యకు ధైర్యం చెబుదామని, "మెజెస్టిక్ బస్టాండ్ కూడా ఒకప్పుడు ధర్మాంబుధి చెరువే, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువే" అన్నాను. "వాళ్లకు ఈఎంఐ లేదు కదమ్మా" అన్నాడు.

ఇంకో విడ్డూరం మీకు తెలియంది కాదు. ఈ ఊరికి తాగడానికి కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి వస్తాయి. పంపులు తోస్తే తప్ప రావు. దారిలో మిమ్మల్ని ఒక్కొక్కరినే దాటుకుంటూ, ఆయాసపడుతూ పైకి ఎక్కుతాయి. వాన నీళ్లు మాత్రం ఎవరూ తోయకుండానే మిమ్మల్ని దాటి నేరుగా సెల్లార్‌లోకి దిగుతాయి.

మా అవ్వ బడి మొహం చూడలేదు. 'నీరు పల్లమెరుగు' అనేది. చెరువు నిండి మరవ పోతోందంటే ఏ వీధిలోకి నీళ్లొస్తాయో అరుగు మీద కూర్చునే చెప్పేది. మా ఊళ్ల పేర్లలోనే ఎగువ, దిగువ ఉన్నాయి. నా ఫోన్ మ్యాపులో ఎంతసేపూ ఎడమకు తిరుగు, కుడికి తిరుగు. అవ్వ ఉచితంగా చెప్పిన సంగతి నేర్చుకోవడానికి నేను మూడేళ్ల డిగ్రీ ఫీజు కడుతున్నాను, మీ దయ.

ఆదివారం మామయ్య ఇంకో లేఅవుట్ చూడబోతున్నాడు. నన్ను రమ్మన్నాడు, మిమ్మల్నీ తీసుకురమ్మన్నాడు. పోయినసారి మిమ్మల్ని టేబుల్ మీద పరిస్తే అక్కడి సేల్స్ కుర్రాడు వంగి చూసి, "ఫ్లోరింగ్‌కి ఈ డిజైన్ మా దగ్గర లేదు సార్" అన్నాడు.

ఇట్లు,
మీ 900కు కాస్త దిగువన అద్దెకుంటున్న
భూగోళశాస్త్ర విద్యార్థిని