షెడ్డుకు పోయిన బావ

కార్తీక మాసంలో తిరుపతి వాన సంగతి తెలిసిందే గదా. చెప్పి రాదు, పొమ్మన్నా పోదు. ఆ రోజు లీలామహల్ సర్కిల్ దాటతానే పట్టుకుంది. స్కూటరు రోడ్డు వారన పెట్టి బస్సు షెల్టర్‌లోకి దూరినా. ఆ రేకుల కింద అప్పటికే పదిమంది మనుషులు, రెండు మేకలు, ఒక శెనక్కాయల బండి.

ఫోను మోగింది. "యాడుండారు?" మా ఆవిడ.

"షెడ్డులో ఉండా, వాన తగ్గినాక వస్తా."

రేకుల మోతలో అటు చేరింది మొదటి రెండు మాటలే.

షెల్టర్ అని ఉంటే సరిపోయేది. కానీ మనకు రేకులు కప్పిందల్లా షెడ్డే. కోళ్ళకు షెడ్డు, కారుకు షెడ్డు, గుత్తిలో రైలింజన్లకు డీజిల్ షెడ్డు. ఇంగ్లీషులో 15వ శతాబ్దం నాటి మాట ఇది, నీడ అనే అర్థమున్న 'షేడ్' నుంచి వంకరపోయి పుట్టిందంటారు. కన్నీళ్ళు రాల్చడానికీ, పాము కుబుసం విడవడానికీ వాళ్ళు వాడే షెడ్డుది వేరే వంశం. దాని పాత అర్థం విడదీయడం. మనం తిట్టుకునే లోడ్ షెడ్డింగు ఆ రెండో వంశం బిడ్డే. అందులో నీడ లేదు, ఉండేదంతా చీకటే.

ఇవి చాలవని మనవాళ్ళు ఇంకోటి తగిలించినారు. బండి షెడ్డుకు పోయిందంటే చెడిపోయిందని. మనిషి షెడ్డుకు పోయినాడంటే ఇంక చెప్పేదేముంది!

మా ఆవిడ వాళ్ళమ్మతో "ఆయన షెడ్డులో ఉండారంట" అనింది, పాపం ఉన్నదున్నట్టే. అత్త నోట అది "బావ షెడ్డుకు పోయినాడంట్రా" అయి బామ్మర్దికి చేరింది. మా అత్తగారిది పుత్తూరు. ఎముకల కట్టుకు పేరు మోసిన ఊరు. అక్కడ ఎవరికేమైనా ముందు వెతికేది విరిగిన ఎముకనే.

రెండు గంటలకు వాన తెరిపిచ్చి, తడిసిన కోడి మాదిరి ఇల్లు చేరితే వాకిట్లో బామ్మర్ది. అంత వానలోనూ బండేసుకుని వచ్చేసినాడు. చేతిసంచిలో వెదురు బద్దలు, గుడ్డ పేలికలు, నాలుగు కోడిగుడ్లు.

"ఏ కాలు బావా?"

"ఏ కాలూ కాదురా, బాగుండా."

"మొదట్లో నొప్పి తెలీదులే" అని మోకాలు పట్టుకుని ఒక్క నొక్కు నొక్కినాడు. కెవ్వుమన్నా.

"చూసినావా అక్కా?" అన్నాడు గర్వంగా.

కోడిగుడ్లు ఆ రాత్రి పులుసులోకి పోయినాయి. తెల్లారి స్కూటరు ఎంత తొక్కినా పలకలా. ఫోన్లో బామ్మర్ది "బండి యాడ బావా?" అని అడిగితే, "మెకానిక్ దగ్గరుందిరా" అన్నా, ఒక్కో అక్షరం ఆచితూచి.