మన ఆఫర్ లెటర్‌కు మ్యూనిక్‌లో అవమానం

మాదాపూర్‌లో తిరుగులేని ఆయుధంగా పేరు తెచ్చుకున్న మన ఆఫర్ లెటర్‌కు జర్మనీలో ఘోర అవమానం జరుగుతోంది. ఆ పద్నాలుగు పేజీల పవిత్ర పత్రంలో పేరు మార్చి, రూపాయి గుర్తు చెరిపి యూరో గుర్తు పెట్టి, మ్యూనిక్‌లో స్థిరపడిన గుంటూరు కుర్రాడికి పంపాం. అతను మారుమాట లేకుండా సంతకం పెట్టేశాడు. ఇంతకంటే ఏం కావాలి? అక్కడి చట్టానికి మాత్రం చాలా కావాలట. పరిశ్రమ పెద్దలు దీనిపై ఇంకా ఒక రౌండ్ టేబుల్ అయినా పెట్టకపోవడం విచారకరం.

చివరి పేజీలో మన సర్వరోగ నివారిణి ఒకటి ఉంటుంది: 'ఈ ఒప్పందానికి భారతీయ చట్టాలే వర్తిస్తాయి, వివాదాలన్నీ హైదరాబాద్ కోర్టుల పరిధిలోవి.' దాన్ని యూరప్ వాళ్లు తీసెయ్యమనరు. చదివి పక్కన పెడతారంతే. ఏ ఒప్పందానికి ఏ దేశ చట్టం వర్తిస్తుందో చెప్పే యూరోపియన్ యూనియన్ రోమ్-1 నిబంధనల 8వ ఆర్టికల్ ప్రకారం, మనిషి మామూలుగా ఏ దేశంలో పనిచేస్తాడో ఆ దేశం ఇచ్చే తప్పనిసరి రక్షణలను ఏ సంతకమూ తీసేయలేదు. కేసు కూడా మ్యూనిక్ లేబర్ కోర్టులోనే వేసుకోవచ్చు. సర్వర్ గచ్చిబౌలిలో ఉందనీ, క్లయింట్ డల్లాస్‌లో ఉన్నాడనీ ఎంత మొత్తుకున్నా వినరు. కుర్రాడి కుర్చీ ఎక్కడుందన్నదే వాళ్ల లెక్క.

మన తొంభై రోజుల నోటీసు సంప్రదాయాన్నే చూడండి. జర్మనీలో తొంభై రోజులు రాసుకోవచ్చు, అభ్యంతరం లేదు. కాకపోతే ఉద్యోగి ఇవ్వాల్సిన నోటీసు యజమాని ఇచ్చే నోటీసు కంటే ఎక్కువ ఉండకూడదు. అంటే అతను తొంభై రోజులు ఆగాలంటే మనమూ ఆగాలి. సమానత్వం పేరుతో ఇంత దౌర్జన్యమా? పోటీ సంస్థలో చేరకూడదన్న షరతుదీ అదే గతి. ఉద్యోగం మానేశాక రెండేళ్ల వరకు ఆపవచ్చు గానీ, ఆపినన్నాళ్లూ ఆఖరి జీతంలో కనీసం సగం మనమే ఇస్తూ ఉండాలి. గుంటూరులో ఒక లీగల్ నోటీసు ఖర్చుతో అయ్యే పని ఇది! ఇక రిలీవింగ్ లెటర్ తొక్కిపెట్టి కాళ్లబేరానికి రప్పించడం అనే మన ప్రాచీన కళకు అక్కడ అసలు చోటే లేదు. సర్వీసు సర్టిఫికెట్ అడిగి పుచ్చుకోవడం ఉద్యోగి హక్కు, పైగా అందులో అతని భవిష్యత్తు చెడేలా రాయకూడదు.

రోజువారీ పాలన కూడా సాగనివ్వరు. హైదరాబాద్‌లో ఉదయం తొమ్మిదిన్నరకు స్టాండప్ మీటింగ్ అంటే చలికాలంలో మ్యూనిక్‌లో తెల్లవారుజాము ఐదు గంటలు. అదే మనిషిని రాత్రి తొమ్మిది దాకా అమెరికా కాల్‌లో కూర్చోబెట్టామా, ఒక పనిరోజుకూ మరో పనిరోజుకూ మధ్య పదకొండు గంటల విశ్రాంతి ఉండాలి కాబట్టి, మర్నాడు ఎనిమిదింటి దాకా అతన్ని కదపకూడదు. అప్పటికి మనకు పన్నెండున్నర, భోజనం వేళ. వారానికి ఐదు రోజుల పనికి ఏడాదికి కనీసం ఇరవై రోజుల సెలవు. 'మిగిలిన సెలవు వాడుకో నాయనా, లేకపోతే పోతుంది' అని మనమే గుర్తుచేయాలి. చేయకపోతే ఆ సెలవు మురిగిపోదు. జ్వరమొస్తే ఆరు వారాల దాకా పూర్తి జీతం. ఏ జబ్బో డాక్టరు మనకు చెప్పడు. థర్మామీటరు ఫొటో వాట్సాప్‌లో పెట్టమనే మన మేనేజర్ల పరిశోధనాసక్తికి ఇది గొడ్డలిపెట్టు.

ఇన్ని చిక్కులున్నాయని మనవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోరు. వెంటనే ఒక దివ్యమైన ఉపాయం: అతన్ని ఉద్యోగి అనొద్దు, కన్సల్టెంట్ అనండి. నెలకో ఇన్‌వాయిస్ పెడతాడు, మనం డబ్బు పంపుతాం, పీడా పోతుంది. అతనికి లాప్‌టాప్ మనదే, ఈమెయిల్ ఐడీ మనదే, పనివేళలు మనం చెప్పినవే, వేరే క్లయింటు లేడు, సెలవు కావాలంటే మన టీమ్ లీడ్‌నే అడగాలి. ఇవన్నీ చూసి కూడా జర్మనీ పింఛను బీమా సంస్థ అతన్ని స్వతంత్ర వ్యాపారి అని ఒప్పుకోదు. ఎంత సంకుచితత్వం!

దొరికితే లెక్క ఇలా ఉంటుంది. జీతం మీద కట్టాల్సిన సామాజిక బీమా చందాలు ఇవి: పింఛను 18.6 శాతం, నిరుద్యోగ బీమా 2.6, ఆరోగ్యం 14.6కు తోడు అదనపు రుసుము, వృద్ధాప్య సంరక్షణ 3.6. సక్రమంగా నడిపి ఉంటే ఇందులో యజమాని వాటా దాదాపు సగం, అంటే జీతం మీద సుమారు 21 శాతం. నాలుగు వేల యూరోల జీతానికి నెలకు 840 యూరోల చిల్లర. దాచి నడిపితే రెండు వాటాలూ యజమాని నెత్తినే పడతాయి. ఉద్యోగి వాటాను తర్వాతి మూడు జీతాల్లోంచి మాత్రమే కోసుకోవచ్చు. ఆలోపు అతను మానేస్తే అదీ లేదు. బకాయి మీద నెలకు ఒక శాతం అపరాధ రుసుము. మామూలుగా నాలుగేళ్ల వెనక్కి తవ్వుతారు, తెలిసీ ఎగ్గొట్టినట్టు తేలితే ముప్ఫై ఏళ్లు. శిక్షాస్మృతిలోని 266ఏ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు కూడా ఉంది. కన్సల్టెంట్ అన్న ఒక్క ముక్క రాసినందుకు!

బుద్ధిగా నడిపేవాళ్ల దారి చప్పగా ఉంటుంది. ఫెడరల్ ఉపాధి సంస్థ నుంచి ఎనిమిది అంకెల యజమాని నంబరు తీసుకోవాలి. ఉద్యోగి ఎంచుకున్న ఆరోగ్య బీమా నిధిలో అతని పేరు నమోదు చేయాలి. నెలాఖరు నుంచి వెనక్కి లెక్కిస్తే వచ్చే మూడో బ్యాంకు పనిదినానికల్లా డబ్బు కట్టాలి. ప్రమాద బీమా వేరే. ఇందులో చాకచక్యానికి తావేది?

అసలు పరీక్ష పంపించేసేటప్పుడు. మన పద్ధతి అందరికీ తెలిసిందే: శుక్రవారం సాయంత్రం ఒక కాల్, ఐదు నిమిషాల తర్వాత లాగిన్ పనిచేయదు. జర్మనీలో ఆ కాల్‌కు ఏ విలువా లేదు. ఈమెయిల్ చెల్లదు, వాట్సాప్ చెల్లదు, డిజిటల్ సంతకం కూడా చెల్లదు. కాగితం మీద పెన్నుతో పెట్టిన సంతకం కావాలి, ఆ కాగితమే అతని చేతికో అతని ఇంటి ఉత్తరాల డబ్బాలోకో చేరాలి. స్కాన్ తీసి పంపి మ్యూనిక్‌లో ప్రింట్ తీయిస్తే అది సంతకం కాదు, సంతకం బొమ్మ. సంస్థ తరఫున ఇంకొకరు సంతకం పెడితే ఆ అధికారం ఉన్నట్టు ఒరిజినల్ పత్రం జతపరచాలి, లేకపోతే అతను వెంటనే తిప్పికొట్టవచ్చు. రిజిస్టర్డ్ పోస్టు రశీదూ, ట్రాకింగ్ స్టేటస్సూ చాలవని ఫెడరల్ లేబర్ కోర్టు 2025 జనవరిలో తేల్చింది. అందుకే తెలిసినవాళ్లు ఒక మనిషిని పెట్టుకుంటారు. అతను ఉత్తరం చదివి, కవరులో పెట్టడం చూసి, డబ్బాలో వేసి, ఏ రోజు ఎన్ని గంటలకో రాసి సంతకం పెడతాడు. తేడా వస్తే కోర్టులో సాక్ష్యం చెబుతాడు. మన దగ్గర పెళ్లి శుభలేఖలకు కూడా ఇంత మర్యాద లేదు.

ఏడాది కాంట్రాక్టు రాసుకుంటే గొడవే ఉండదు కదా అంటారా? దాని మీద పెన్ను సంతకం లేకుండా మామూలు ఈ-సైన్‌తో సరిపెట్టారంటే గడువు మాత్రమే చెల్లదు, ఉద్యోగం చెల్లుతుంది, అదీ శాశ్వతంగా.

ఇవన్నీ భరించలేక కొందరు మధ్యవర్తి సంస్థల్ని ఆశ్రయిస్తున్నారు. కాగితం మీద యజమాని వాళ్లు, పని మాత్రం మనకు. అక్కడా మనుషుల్ని అద్దెకిచ్చే లైసెన్సు ఆ సంస్థకు ఉందో లేదో చూసుకోవాలి, పైగా ఒకే మనిషికి సాధారణంగా పద్దెనిమిది నెలలే గడువు. లైసెన్సు లేకపోతే అతను చట్టం దృష్టిలో నేరుగా మన ఉద్యోగి అయిపోతాడు.

కాబట్టి సంస్థలకు ఒక ముఖ్య సూచన. హెచ్‌ఆర్ మాన్యువల్‌లో జర్మనీ అనుబంధం తప్పక రాయించండి, ఖర్చుకు వెనకాడకండి. అయితే ఆ ఫైలుకు గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. పొరపాటున అది హైదరాబాద్ ఉద్యోగుల ఫోల్డర్లో పడితే, మధ్యాహ్నానికల్లా నలుగురు క్యాంటీన్‌లో చేరి జర్మన్ క్లాసుల ఫీజులు కనుక్కుంటారు.